బందరు పేటలలో కాలినడక

ఢిల్లీలో చలికాలపు ఆదివారములు చరిత్రాభిమానులకు పండుగ దినములు. మెహ్రౌలీలోనో, షాజహానాబాదు గల్లీలలోనో, తెలిసినవారొకరు ముందు నడువగా ఇరువది ముప్పది మంది వెంట నడచుచు, శిథిలమైన ప్రతి గుమ్మటము కడ నిలిచి దాని కథ విందురు. ఉద్యోగరీత్యా ఈ నగరము చేరిన నాటినుండి నేనును అట్టి నడకలకు పోవుచున్నాను. కొన్నియేండ్ల క్రిందట అట్టి యొక ఆదివారమున బల్బను సమాధి సమీపమున కూర్చుండి టీ త్రాగుచుండగా, తోడి వారొకరు నన్ను "మీదే ఊరు?" అని యడిగిరి. "మచిలీపట్నం" అంటిని. "అక్కడ చూడదగ్గదేమున్నది?" అనిరి. "లడ్డు బాగుంటుంది" అంటిని. అందరును నవ్విరి. నేనును నవ్వితిని.

ఇంటికి వచ్చిన పిదప ఆ నవ్వు నాకు రుచింపలేదు. లోడీ సుల్తానుల వరుసను తడుముకొనక చెప్పగల నేను, పుట్టిన ఊరి ప్రసక్తి వచ్చునప్పటికి మిఠాయి అంగడి దాటి పోలేకపోతిని. బందరులో చూడదగినది ఏమున్నది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకై మన సంఘములోని నాలుగు కుటుంబములవారము, పిల్లలతో కలిపి పదునారుగురము, ఒక సంక్రాంతి సెలవులలో ఎల్.టి.సి. పెట్టుకొని బందరు పోయితిమి. రెండు దినములు కాలినడకన ఊరంతయు తిరిగితిమి. దారి చూపినవారు ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రము బోధించి విశ్రాంతి గైకొన్న మాస్టారు. ఏండ్ల తరబడి, అడిగినవారి నెల్ల ఉచితముగా ఊరు త్రిప్పి చూపుట వారికి వ్యసనము. తమ పేరు వ్రాయవలదని వారి యాజ్ఞ.

మాస్టారు తెల్లవారుజామున ఆరు గంటలకు కోనేరు సెంటరులో మమ్ము నిలువబెట్టి, మొదటి మాటగా ఇట్లనిరి: "ఈ ఊళ్లో గోపురాలూ బురుజులూ వెతక్కండి. కన్పించేది తక్కువ. ముందు పేటల పేర్లు వినండి." ఇంగ్లీషుపాలెము, వలందపాలెము, పరాసుపేట, నిజాంపేట, ఖాలేఖానుపేట, ఇనుగుదురుపేట, గొడుగుపేట అని వరుసగా చెప్పి, పిల్లలచేత పలికించిరి. వలందు లనగా హాలండు వారు, డచ్చివారు. పరాసు లనగా ఫ్రెంచివారు. మన తాతలు పరదేశపు పేర్లను తమ నోటికి అనువుగా మలచుకొని పేటలకు పెట్టుకొనిరి. ఆ దేశములవారు పోయిరి, వారి కొఠీలు పోయినవి. రిక్షావాడు నేటికిని "వలందపాలెం వస్తారా?" అని యడుగుచునే యున్నాడు.

ఇంతలో మాలో ఒక చిన్నపిల్ల, ఢిల్లీలో పుట్టి పెరిగినది, "తాతగారూ, బందర్ అంటే కోతి కదా!" అనెను. పిల్లలందరును పకపక నవ్విరి. మాస్టారు కోపగింపక, "హిందీలో కోతేనమ్మా. పారశీకంలో రేవు. ఇరాన్‌లో బందర్ అబ్బాస్ అని ఊరుంది, పటంలో చూడు" అని చెప్పిరి. ఆ పిల్ల తండ్రి చేతిలోని ఫోను గైకొని చూచెను. గోలకొండ సుల్తానుల నాటి పారశీక వర్తకులు వాడిన మాట మన ఊరికి ఇంటిపేరువలె నిలిచిపోయినది. ఊరి ముఖద్వారమునకు తిమింగిలపు కన్నులు అమర్చిరనియు, అందుచే మచిలీపట్నమయ్యె ననియు ఒక కథ గలదు. మాస్టారు దానిని కథగానే చెప్పిరి. క్రీస్తుశకము తొలి శతాబ్దములలో గ్రీకు నావికులు, భూగోళ శాస్త్రజ్ఞుడు టాలమీ, ఈ తీరమును మసాలియా, మైసోలియా అని వ్రాసిరి. ఇచ్చటి సన్నని వస్త్రములు అప్పటికే పేరుపొందినవి.

బందరుకు సహజమైన ఓడరేవు లేదని చాలమందికి తెలియదు. తీరము లోతు తక్కువ. పెద్ద ఓడలు దూరముగా లంగరు వేసెడివి. సరకులు పడవలమీద కాలువగుండా ఒడ్డు చేరెడివి. అయినను గోలకొండ రాజ్యమునకు సముద్రద్వారము ఇదియే. గోలకొండనుండి బండ్లబాట ఇచ్చటికి దిగివచ్చెడిది. వర్షకాలపు గాలులకు తలయొగ్గి ఓడలు ఇచ్చటినుండి పెగూకు, సయామునకు, సుమత్రాకు, మక్కాకు పోయెడివి. ఫ్రెంచి రత్నవర్తకుడు తవెర్నియే 1652లో ఈ ఊరు చూచి, ఇండ్లన్నియు కొయ్యవనియు, లంగరుపట్టు మాత్రము బంగాళాఖాతమున కెల్ల మేలైనదనియు వ్రాసెను. డచ్చివారు 1605లో వచ్చిరి. ఆంగ్లేయుల ఓడ 'గ్లోబు' 1611లో వచ్చెను. ఫ్రెంచివారు 1669లో కొఠీ పెట్టిరి. వీరందరు దేనికై వచ్చిరి? మిరియములకా? ఇచ్చట మిరియములు లేవు. జాజికాయ, లవంగము తూర్పు దీవులలో నున్నవి. ఆ దీవులవారు వెండి కంటె మన గుడ్డలను ఎక్కువ ఆశించిరి. కనుక బందరు గుడ్డ కొని, దీవులకు పోయి, లవంగములతో మార్చుకొని, ఐరోపాకు చేర్చినచో లాభము. ఇదియే వారి లెక్క. ఆ లెక్కకు మూలధనము తెలుగు సాలెవాని మగ్గము, అద్దకపువాని కొయ్య అచ్చు.

ఈ అద్దకము చూచుటకై మధ్యాహ్నము బస్సులో పెడన పోయితిమి. నడక నియమము ఆ ఒక్క మారే తప్పినది. శ్రీకాళహస్తిలో కలముతో గీయుదురు. బందరు, పెడనలలో కొయ్య అచ్చులతో అద్దుదురు. పేరు మాత్రము రెంటికిని కలంకారీయే. పని చూడగా దాని శ్రమ తెలిసెను. గుడ్డను ఉతికి, కరక్కాయ నీటిలోను పాలలోను ముంచి ఆరవేయుదురు. పాలలోని కొవ్వుచే అద్దిన రంగు ప్రక్కకు పారదు. తుప్పుపట్టిన ఇనుము, బెల్లము నీటిలో ఊరవేసిన కసటు కరక్కాయ తాకినంతనే నల్లబడును. ఎఱుపు కావలసినచోట పటిక అద్దుదురు. అప్పటికి అచ్చట ఎఱుపు కనబడదు. గుడ్డను రంగు కాగులో మరిగించినప్పుడే పటిక యున్నచోట రంగు పట్టి, లేనిచోట వదలును. పూర్వము ఈ ఎఱుపునకు చిరివేరు వాడిరి. ఇసుక నేలలలో పెరుగు చిన్న మొక్క వేరు అది. ఇప్పుడు ఎక్కువగా రసాయనపు రంగు వాడుచున్నారు. పిదప పారునీటిలో జాడించుట, ఎండలో ఆరవేయుట. ఇన్ని మెట్లలో ఒకటి తప్పినను గుడ్డ పాడగును.

ఇట్టి గుడ్డలు పదునేడవ శతాబ్దపు చివర ఐరోపాను ముంచివేసినవి. అచ్చటి నేతగాండ్రు గగ్గోలు పెట్టగా, ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1700లోను అద్దకపు గుడ్డల దిగుమతిని నిషేధించినవి. 1721లో ఇంగ్లండు వాటిని ధరించుటను సైతము నేరము చేసెను. నిషేధించు చట్టములున్నవి, కొన్న కంపెనీల చిట్టాలున్నవి, ఆ గుడ్డలు నేటికిని లండను ప్రదర్శనశాలలో నున్నవి. అద్దినవాని పేరు మాత్రము దేనిమీదను లేదు. కార్ఖానాలోని వృద్ధుడు ఈ మాట విని, "అచ్చు చెక్కినవాడి పేరే మాకు తెలీదండీ, గుడ్డ అద్దినవాడిది ఎవరికి గుర్తు?" అనెను.

ఆ మాట మరునాడు డచ్చివారి శ్మశానములో నాకు మరల గుర్తునకు వచ్చెను. బందరులో పదునేడవ శతాబ్దపు ఆనవాళ్లు చెక్కుచెదరక నిలిచినవి అచ్చటనే. నల్లరాతి పలకలమీద వంశచిహ్నములు, శిరస్త్రాణములు, పూలతీగెలు ఉబ్బెత్తుగా చెక్కి, చుట్టును డచ్చి అక్షరములు పొదిగిరి. పేరు, హోదా, పుట్టిన ఊరు, ఏ దినమున మరణించిరో అన్నియు స్పష్టముగా నున్నవి. ఆఫీసులో సర్వీసు రిజిస్టరు కూడ అంత వివరముగా నుండదు. వేలమైళ్ల దూరము వచ్చి, ముప్పదియేండ్లు నిండకుండ జ్వరములపాలైన యువకులమీద జాలి కలుగకపోదు. కాని వారికి దుబాసీలై, షరాబులై, పడవ సరంగులై పనిచేసిన మనవారి జాడ ఆ ఆవరణలో వెదకినను దొరకదు.

రాజకీయ చరిత్రను మాస్టారు నడచుచునే తేల్చివేసిరి. నేనును అట్లే చేయుదును. 1632లో గోలకొండ సుల్తాను ఆంగ్లేయులకు స్వర్ణ ఫర్మానా నిచ్చెను. అయినను ఇచ్చటి అధికారుల పట్టు వారికి రుచింపక దక్షిణమున స్వంత జాగా వెదకిరి. 1639లో తెలుగు నాయకుడు దామెర్ల వేంకటప్ప అనుమతిచే దొరికిన ఇసుకదిబ్బయే చెన్నపట్నము. తమ ముఖ్యస్థానమును 1641లో అచ్చటికి మార్చుకొనిరి. చెన్నపట్నమునకు బందరు అక్క యని మాస్టారి వాదము. అక్క వెనుకబడెను, చెల్లెలు పెరిగెను. 1687లో గోలకొండ మొగలాయీల పరమయ్యెను. 1750లో ఫ్రెంచివారు బందరును పట్టుకొనిరి. 1759 ఏప్రిల్ నెలలో కర్నల్ ఫోర్డు, విజయనగరపు ఆనందగజపతి సేనతో కలిసి, రాత్రివేళ బురదనేల దాటి కోటను పట్టెను. ఉత్తర సర్కారులలో ఫ్రెంచివారి ప్రాబల్యము దానితో ముగిసెను. ఆ కోట ఊరికి దూరముగా, చిత్తడినేల నడుమ నుండెడిది. ఇప్పుడు బందరుకోట అనబడు ఆ చోట కొన్ని మొండిగోడలు, తుమ్మచెట్లు తప్ప మరేమియు లేవు.

పిమ్మట సెయింట్ మేరీ చర్చికి వచ్చితిమి. మావారందరును ఎదురుచూచిన చోటు ఇదియే. జాన్ పేటర్ అను సేనాపతి అరబెల్లా రాబిన్సన్ అను యువతిని ప్రేమించెననియు, 1809లో ఆమె మరణింపగా, దేహమును సుగంధద్రవ్యములతో భద్రపరచి అద్దపు పెట్టెలో నుంచెననియు, ఆమె సమాధిమీద ఈ చర్చి కట్టించె ననియు చెప్పుకొందురు. మాస్టారు దీనిని నాలుగు వాక్యములలో ముగించి గడియారము చూచుకొనిరి. మాలో పలువురికి తృప్తి కాలేదు. "ఇంకొంచెం చెప్పండి మాస్టారూ!" అని స్త్రీలు, పిల్లలు పట్టుపట్టిరి. మాస్టారు, "చెప్పడానికి ఇంతేనమ్మా ఉంది. మిగతాది ఎవరికి తోచింది వాళ్లు చేర్చారు" అనిరి. పిదప చర్చి గోడ నీడలో మమ్ము నిలిపి, 1864 నవంబరు 1వ తేది రాత్రి సంగతి ఎత్తుకొనిరి.

ఆ రాత్రి తుఫాను గాలితో సముద్రము ఊరిమీదికి వచ్చెను. సాధారణపు పోటు మట్టమునకు 13 అడుగుల ఎత్తున లేచిన ఉప్పెన మైళ్లకొలది లోపలికి చొచ్చుకొనిపోయెను. సుమారు 30,000 మంది చనిపోయిరని ప్రభుత్వ గెజిటీరు చెప్పుచున్నది. కొయ్య ఇండ్లు కొట్టుకొనిపోయినవి. మంచినీటి చెరువులు ఉప్పునీటితో నిండినవి. ప్రాణములు దక్కినవారికి దాహము తీర్చుకొను దారి లేకపోయెను. ఆ తరువాత కోటలోని సైన్యమును ప్రభుత్వము తీసివేసెను. మూడువందల యేండ్ల రేవు ఆ దెబ్బనుండి మరల కోలుకొనలేదు. బందరులో చూచుటకు ఏమియు లేకపోవుటకు ముఖ్యకారణము ఇదియే. మెహ్రౌలీలో మొండిగోడలు మిగిలినవి. ఇచ్చట గోడలను సముద్రము తీసుకొనిపోయినది.

మా యింట ఉప్పెన యను మాట చిన్ననాట తరచుగా వింటిని. మా నాయనమ్మకు ఉప్పెన యనగా 1977 నవంబరు 19, దివిసీమను తుడిచిపెట్టిన నాడు. ఆమె తన నాయనమ్మ నోట విన్న ఉప్పెన మాత్రము 1864 నాటిది. రెండు ఉప్పెనల కథలును ఒకదానిలో నొకటి కలిసిపోయి, చెట్టుకొమ్మ పట్టుకొని బ్రతికిన పిల్లవాడు ఏ ఉప్పెన వాడో తెలియకుండ పోయినది.

మాలో ఒక మిత్రుడు, నా సహోద్యోగి, అప్పుడు ఒక అభ్యంతరము చెప్పెను. "మాస్టారూ, ప్రేమకథ నాలుగు ముక్కల్లో తేల్చి చావుకథ అరగంట చెబితే యాత్రికులు ఎవరొస్తారు? ఊరికి నలుగురు రావాలంటే అరబెల్లాయే దిక్కు!" అతడు ఉన్నమాటయే చెప్పెను. ఇట్టి నడకలు నలుగురు వచ్చిననే సాగును, నలుగురు వచ్చుటకు రుచికరమైన కథ కావలెను. మాస్టారు కొంత తడవు మాటాడలేదు. పిదప, "ఆవిడ పేరు రాతిమీద ఉందండీ. నేను చెప్పకపోయినా ఉంటుంది. ఆ ముప్పై వేలమందికి ఈ ఊళ్లో నేను నిలబడి చెప్పే అరగంట తప్ప ఇంకేం ఉంది?" అనిరి. నా మిత్రుడు మారు పలుకలేదు గాని, ఒప్పుకొనినట్లును లేదు. మధ్యాహ్న భోజనమువేళ వరకు వాదము సాగెను. నాకు మాత్రము మాస్టారి పక్షమే సరియని తోచినది. అరబెల్లాను విడువనక్కరలేదు. ఆమెకొరకు వచ్చినవానిని ఆ గోడ నీడలో మరి కొంతసేపు నిలువబెట్టవలెను. అందుకు మాస్టారి వంటి మనిషి కావలెను. వారికి డెబ్బదియైదేండ్లు. వారి దారి, వారి మాటలు ఎచ్చటను వ్రాసిపెట్టబడలేదు.

జాతీయోద్యమపు బందరును చూపుటకు సాయంకాలపు రెండు గంటలు చాలలేదు. 1902లో మొదలైన కృష్ణాపత్రిక, ముట్నూరి కృష్ణారావుగారి సంపాదకత్వము, 1910లో కోపల్లె హనుమంతరావుగారు నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాల, 1923లో పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు బోధించిన హైస్కూలు, వారి శిష్యుడు విశ్వనాథ. ఒక్కొక్కటి ఒక వ్యాసమునకు తగిన విషయము. ఆంధ్రా బ్యాంకు పేరు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయినది. మాలో ఇద్దరికి తొలి జీతము ఆ బ్యాంకు ఖాతాలోనే పడినది కావున, బందరులో అది పుట్టిన సంగతి వినగా వారికి కలిగిన బాధ చూడవలసినదే.

రెండవనాటి నడక గిలకలదిండి రేవు కడ ముగియవలసి యుండెను. అచ్చట మరపడవలు చేపలు దించుచుండగా నా మిత్రుని కుమారుడు, ఇంజనీరింగు చదువుచున్నవాడు, అంతవరకు చెవిలో తీగలు పెట్టుకొని వెనుకగా వచ్చిన పిల్లవాడు, మాస్టారిని ఒక ప్రశ్న వేసెను. "పదమూడు అడుగులు అన్నారు కదా, అది సముద్రం మట్టం నుంచి. మనం నిలబడ్డ నేల ఎత్తు తీసేస్తే వీధిలో నీళ్లు ఎంతవరకు వచ్చినట్టు?" మాస్టారు ఆ ప్రశ్న తమ్ము ఇంతవరకు ఎవరును అడుగలేదనిరి. రైల్వేస్టేషను పేరుపలకమీద సముద్రమట్టమునుండి ఆ చోటి ఎత్తు వ్రాసి యుండును కదా యని పిల్లవాడే జ్ఞాపకము చేసెను.

తిరుగు ప్రయాణపు నాటి ఉదయము మేము సామాను సర్దుకొనుచుండగా, ఆ పిల్లవాడు, మాస్టారు, తాపీమేస్త్రి యొకడు, మేస్త్రీలు మట్టము చూచు నీటిగొట్టము పట్టుకొని స్టేషనునుండి మా పాతయింటి వీధివరకు మట్టము మోసికొనుచు వచ్చిరి. మూడు గంటలు పట్టినది. దారిలో చూచినవారు మురుగుకాలువ పని మంజూరైనదని తలచి సంతోషించిరట. ఉప్పెన నీరు లోపలికి వచ్చుకొలది మట్టము మారును గనుక ఇది అంచనాయే యని పిల్లవాడు హెచ్చరించి, మా యింటి ప్రహరీగోడమీద సుద్దతో గీత గీసెను. అది నా గడ్డము మట్టమునకు వచ్చెను. ఆ చిన్నపిల్ల గీత క్రింద నిలువగా ఆమె తలకు గీతకు నడుమ జానెడుకు మించి ఎడము మిగిలినది. మాస్టారు గీతపై 'సుమారు' అనియు, క్రింద '1864' అనియు వ్రాసిరి. ఇప్పుడు వారి నడక కోనేరు సెంటరు నుండి గాక ఆ గోడకడ నుండి మొదలగుచున్నదట. వానకు రెండు మారులు చెరిగిన దనియు, రెండు మారులును మరల గీసితి ననియు మొన్న ఫోనులో చెప్పిరి.